బట్టీలో పెట్టిన చెయ్యి

మా పెదనాన్న బేకరీలో బట్టీ వేడి చూడడానికి ఏ పరికరమూ ఉండేది కాదు. ఆయన కుడి అరచెయ్యే కొలత. కట్టెలు కాలి, నిప్పులు పక్కకి లాగాక, ఆ చెయ్యి బట్టీ నోట్లో పెట్టి పెద్దమ్మ తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టేవాడు. తిట్ల వరస ఎప్పుడూ తప్పేది కాదు. "సోమరిపోతు, తిండిపోతు, దద్దమ్మ, చవట, పనికిమాలినవాడు, మా ఇంటికి పట్టిన శని." దద్దమ్మ దగ్గర ఓర్చుకోలేక చెయ్యి లాక్కుంటే బ్రెడ్డుకి సరైన వేడి. చవట దాకా ఆగగలిగితే బిస్కట్లకి. శని దాకా వచ్చాడంటే బట్టీ చల్లారినట్టే, మళ్ళీ కట్టెలు వెయ్యాలి. ఆ కట్టెలు వేసేది ఆ తిట్లు తినే బావమరిదే. పార పట్టుకుని పక్కనే నిలబడి, ఇవాళ ఏ తిట్టు దగ్గర ఆగుతుందా అని చెవులు రిక్కించి వినేవాడు.

"నన్ను తిట్టకపోతే ఈ కొట్లో రొట్టె పొంగదమ్మా" అనేవాడు నాతో. అందులో నవ్వు ఉండేది కాదు.

పెదనాన్న మంచివాడని నేను రాయలేను. ఆయన బ్రెడ్డు మాత్రం మంచిది.

ఒక ఏడాది ఆయన ఒంట్లో ఏదో మారింది. ఆయన లెక్కలో మారింది మేము. నాలుక ఎర్రగా, నున్నగా అయ్యి మండేది. "కూరలో కారం గుమ్మరించి చంపుతున్నావే" అని పెద్దమ్మ మీదికి పళ్ళెం తోసేవాడు. అదే కూర మేమంతా తినేవాళ్ళం. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకసారి ఒంటి చెప్పుతో లోపలికొచ్చి, "నా చెప్పు దాచావా?" అని బావమరిది చొక్కా పట్టుకున్నాడు. చెప్పు వీధి మధ్యలో పడి ఉంది. మొహం కడుక్కోడానికి కళ్ళు మూసుకుంటే తూలిపోయేవాడు. నేల మీద సబ్బునీళ్ళు పోశామని మా మీద విరుచుకుపడేవాడు. కాస్త పాలిపోయానని మందుల షాపులో అడిగి రక్తం పట్టే మాత్రలు తెచ్చుకున్నాడు. మొహానికి రంగు తిరిగింది. దాంతో తనకి ఏ రోగమూ లేదని రూఢి అయిపోయింది.

బ్రెడ్డు మాడడం ఆ తర్వాతే మొదలైంది. పెదనాన్న చెయ్యి లోపల పెట్టి శని దాకా తాపీగా తిట్టేవాడు. "చల్లగా ఉందిరా, ఎగదొయ్యి!"

"ఎక్కువైంది బావా. నా కనుబొమలు కమిలిపోతున్నాయి."

"బేకరీ నీ కనుబొమల మీద నడవడం లేదు."

రొట్టెలు బొగ్గులై వచ్చేవి. అడుగు గీకి అమ్మేవాళ్ళం. కొన్నాళ్ళకి గీకడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆసుపత్రి క్యాంటీన్‌కి పంపాల్సిన బ్రెడ్డంతా ఒకే పూట మాడిపోయిన రోజున, ఆయన బావమరిదిని అందరి ముందూ నిలబెట్టాడు.

"కావాలని చేస్తున్నావు. నా బట్టీ దగ్గర నిన్ను ఉండనివ్వను. నడు."

"బట్టీ సరిగానే ఉంది. మొద్దుబారింది నీ చెయ్యి."

"నా చెయ్యా? చూడు, ఇదేనా నీ వేడి? ఇదేనా?" అంటూ పెదనాన్న బట్టీ ఇనప తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి, సోమరిపోతు నుంచి మొదలుపెట్టాడు. గొంతులో గెలిచినవాడి ధీమా. చవట దగ్గరికొచ్చేసరికి వాసన వచ్చింది. ఏదో మాడుతోందని పెద్దమ్మ పెనాల వైపు పరిగెత్తింది. బావమరిదే ముందు గ్రహించాడు. ఒక్క ఉదుటున ఆయన చెయ్యి లాగేశాడు. తలుపుకి చర్మం అంటుకుపోయి ఉంది.

"నన్ను తోస్తావా?" అని పెదనాన్న అదే చేత్తో అతని చెంప మీద కొట్టాడు.

అతను చెంప తుడుచుకున్నాడు. పార గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరమ్మ అడిగింది. "చెయ్యి ఎందుకు తియ్యలేదండీ?"

"కాలితేగా తియ్యడానికి."

ఆవిడ ఆయన్ని కళ్ళు మూసుకోమని దూదితో వేళ్ళు తాకింది. కాలి బొటనవేలు పైకీ కిందికీ కదిపి, ఎటు కదిపానో చెప్పమంది. ఆయన అన్నీ తప్పే చెప్పాడు, ఎంతో నమ్మకంగా. నాలుక చూసింది. రక్తం తీయించింది. ఫలితం వచ్చిన రోజు బి ట్వెల్వ్ విటమిన్ లోపం అంది.

పెదనాన్న కుర్చీలోంచి లేచాడు. "అది తిండి లేనివాళ్ళకొచ్చే రోగం. నేను వీధి వీధంతటికీ తిండి పెట్టేవాణ్ణి."

"మీరేం తింటారు?"

"టీ, బ్రెడ్డు."

"నా కూర కారమని మానేశారు" అంది పెద్దమ్మ. "గుండెల్లో మంటకి మాత్ర మాత్రం మానరు. మా చిన్నబ్బాయి పుట్టక ముందు నుంచీ రోజూ పొద్దున్నే అదే."

"ఈ విటమిన్ గుడ్డులో, పాలల్లో, చేపలో, మాంసంలో ఉంటుంది. మీ బ్రెడ్డులో ఉండదు" అంది డాక్టరమ్మ. "తిన్న కాస్తా కూడా ఆ మంట మాత్ర వల్ల ఒంటికి సరిగ్గా పట్టలేదు. ఇది లేకపోతే నరాలు చెడతాయి. మీరు కొనుక్కున్న రక్తం మాత్రల్లో ఉన్నది ఫోలిక్ ఆసిడ్. అది రక్తాన్ని బాగుచేసి అసలు లోపాన్ని కప్పేసింది. లోపల నరాలు పాడవుతూనే ఉన్నాయి. ఇంజెక్షన్లు వేస్తాం. నడక మెరుగవుతుంది. చేతికి స్పర్శ పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. చిరాకు కూడా దీనివల్ల పెరగొచ్చు."

ఆ చివరి మాట పెదనాన్నకి దొరికింది. దారి పొడుగునా అదే. "విన్నారుగా, అది జబ్బు."

బావమరిది లేక బట్టీ సరిగ్గా వెలగడం లేదు. "వెళ్ళి వాణ్ణి తీసుకురండి, మీరే వెళ్ళాలి" అంది పెద్దమ్మ. ఇంజెక్షన్లతో కాళ్ళు కాస్త నిలకడ పడ్డాక వెళ్ళాడు. చెయ్యి పట్టుకోడానికి నేనూ వెళ్ళాను. బావమరిది తలుపు సగమే తీశాడు.

"మాడబెట్టింది నువ్వు కాదట. విటమిన్ తక్కువైందట" అన్నాడు పెదనాన్న. "రేపట్నుంచి రా."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? కొట్టిందీ జబ్బే. డాక్టరమ్మే చెప్పింది."

"జబ్బు నిన్నగాక మొన్న వచ్చింది బావా. ఆ తిట్లు నేను మీసాలు రాని రోజుల్నుంచీ తింటున్నాను. వాటికేం తక్కువైందట?"

పెదనాన్న కాలిన చెయ్యి ఎత్తి చూపించాడు.

"సూదితో తగ్గేవి తగ్గించుకో" అని అతను తలుపు వేశాడు.

ఆ తర్వాత పెద్దమ్మే బట్టీ తలుపుకి వేడి చూపించే గడియారం బిగించింది, ఒక మనిషిని కట్టెలకి పెట్టుకుంది. పెదనాన్న ఒకసారి అలవాటుగా దగ్గరికెళ్ళి ఎడమ చెయ్యి చాచాడు. పెద్దమ్మ రొట్టెలు తీసే చెక్క తెడ్డు అడ్డం పెట్టింది.

"అటు జరగండి. ఇక్కడ మీకు పని లేదు."

"ఇది నా బట్టీ."

"మీదే. దూరంగా ఉండండి."

ఆయనొచ్చి నా పక్కన కౌంటరు దగ్గర కూర్చున్నాడు. పెద్దమ్మ పాలగ్లాసు తెచ్చి ముందు పెట్టి వెళ్ళింది. ఆయన గ్లాసు చుట్టూ వేళ్ళు చుట్టి చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత నా వైపు జరిపాడు.

"ఇది వేడిగా ఉందా? అబద్ధం చెప్పకు."