మన్సూర్ సంచిలో తీగ

సారపాకలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మన్సూర్ ఒక్క తీగ కూడా పారేసి ఎరుగడు. చెడిపోయిన ప్రతి పవర్ సప్లై నుంచీ తీగలు ఊడదీసి బియ్యం సంచిలో దాస్తాడు. అట్టపెట్టె మీద రాసింది చదివితే పరువు పోతుందనుకునే రకం.

ఆ రోజు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే దీపిక ఒక గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఎవరో మెమరీ రెట్టింపు చేసి అమ్మిన కార్డది. దానికి మూడు పవర్ తీగలు కావాలి. ఆమె కొత్త పవర్ సప్లైతో వచ్చినవి రెండే. మన్సూర్ సంచిలోంచి మూడోది తీశాడు. రెండు కొసలూ టక్కున కూర్చున్నాయి.

స్విచ్ వేయగానే ఫట్‌మంది. కార్డులోంచి పొగ లేచింది.

మన్సూర్ కొయ్యబారిపోయాడు. తర్వాత పవర్ సప్లై పెట్టె తిరగేశాడు. వేరే పవర్ సప్లై తీగలు వాడొద్దని, కొస పట్టినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉంటుందని, కాలిపోతుందని ఎర్ర అక్షరాల్లో ఉంది.

"గట్ల బెదరకు మన్సూర్ భాయ్," అంది దీపిక, తన ముఖమే పాలిపోయి ఉన్నా. "కరెంటు ఎక్కువొచ్చినట్టుంది. పోయినేడు నా పాత సిస్టం కాలినప్పుడు నువ్వే చెప్పినవ్ గదా!"

ఆ పాత సిస్టంకు వేసిన తీగ కూడా ఈ సంచిలోదే.