లోపలున్న సింహాచలం

నా తెలివితేటల మీద మీకేమైనా మంచి అభిప్రాయం ఉంటే ఇక్కడే చదవడం ఆపెయ్యండి. ఖరగ్‌పూర్‌లో ఒక పొగమంచు ఉదయం నేను చేసిన ఘనకార్యం విన్నాక, కన్నతల్లే నన్ను కొన్నాళ్ళు ఎవరి పిల్లాడో అన్నట్టు చూసింది.

అప్పుడు నాకు కొత్త ఉద్యోగం. జైలు నుంచి వచ్చినవాళ్ళు మళ్ళీ నేరం చేస్తారా, చెయ్యరా అని ముందే అంచనా వేసే పరిశోధన. ప్రశ్నలన్నీ ట్యాబ్‌లో ఉంటాయి. జవాబులు నొక్కుతూ పోతే చివర్లో తీర్పు అదే చెబుతుంది. తెలుగువాణ్ణి కదా అని నన్ను, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లకి పంపారు. యార్డులో రాగి తీగ దొంగిలించి, శిక్ష ముగించుకుని వచ్చిన సింహాచలం ఇంటికి.

తలుపు తీసింది ఆయన భార్య పైడితల్లమ్మ. ఇంట్లో తెల్లవారినా చీకటే. గదికి అడ్డంగా పాత చీర తెరలా వేలాడుతోంది. గడప పక్కన మగవాళ్ళ చెప్పులు, ఎవరో ఇప్పుడే తుడిచిపెట్టినంత శుభ్రంగా ఉన్నాయి.

"సింహాచలం గారున్నారా అమ్మా?"

"నోపలున్నాడు బాబూ. కానీ..."

"ఉంటే చాలు. ఆయన బదులు మీరు చెప్పినా సరే. నేనడిగినదానికే చెప్పండి, వేరే మాటలొద్దు."

శిక్షణలో అలాగే నేర్పారు. నేనేమో నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పే చిలకని.

"పనేమైనా చేస్తున్నారా?"

"నేదు."

"స్నేహితులు వస్తుంటారా?"

"ముందు వచ్చీవోరు. ఇప్పుడెవలూ రారు."

"తాగుతారా?"

"మానేసినాడు."

"కోపం?"

"ఏటీ నేదు. ఏటన్నా ఊరుకుంటాడు."

తెర వెనక మంచం కిర్రుమంది. ఆమె అటు తిరిగి మెల్లగా, "ఉండు, అయిపోతాది" అంది. నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"రోజంతా... ఏం చేస్తారమ్మా?"

"నన్నే సూత్తుంటాడు."

అదీ నొక్కాను. ట్యాబ్ తీర్పు చెప్పింది.

"ఆయన సంతకం కావాలమ్మా. ఒకసారి పిలవండి."

"అదే బాబూ సెప్దామనుకున్నాను. వేరే మాటలొద్దన్నావు."

ఆమె తెర లాగింది. ఖాళీ మంచం. దాని పైన గోడకి బంతిపూల దండ వేసిన ఫొటో. సింహాచలం సూటిగా మా వైపే చూస్తున్నాడు.

"వానల్లో పోయినాడు బాబూ."

దూరంగా యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నాయి. ఇల్లదిరి మంచం మళ్ళీ కిర్రుమంది. కిర్రుమనిపించింది వ్యాగన్లేనని తెలిశాక కూడా నా కాళ్ళు నమ్మలేదు.

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా? కంగారులో ట్యాబ్ మీద వెలుగుతున్న అక్షరాలని పైకే చదివేశాను: "పాత దారికి మళ్ళీ వచ్చే అవకాశం: మధ్యస్థం."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. చల్లటి చెయ్యి.

"మళ్ళీ వత్తాడంతోందా ఆ పెట్టి?"

ఆమె మొదట కళ్ళు తుడుచుకుంది. తర్వాత పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే అంది:

"రానీ బాబూ. ఈపాలి రైలింజన్ ఎత్తుకొచ్చినా ఏటీ అనను."

బయటికొచ్చి, పొగమంచులో నిలబడి, చెయ్యి గుండెకి ఆనించుకుని ఘోరప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ మనిషి భవిష్యత్తైనా లెక్కగట్టేముందు, అతనికి భవిష్యత్తంటూ మిగిలిందో లేదో ఆ ఇంటివాళ్ళని నోరు తెరిచి చెప్పనిస్తాను.