దీవెన నోట రాని పిలుపు

దయ్యం కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదట్నించీ నవ్వే. మా చేనికి పోయే దోవ సమాధుల మధ్య నుంచే పోతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి వేళాపాళా లేకుండా ఆ దోవనే నడిచాను. ఒక్కనాడూ ఎవరూ నా కొంగు పట్టుకోలేదు. చదువు రెండో తరగతితోనే ఆగింది గానీ జ్ఞాపకం మాత్రం దేవుడు బాగా ఇచ్చాడు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మాది కోసిగి పక్కన పల్లె. నా మనవరాలు దీవెన పుట్టినప్పుడు పై పెదవి చీలి ఉంది. నోరు తెరిస్తే అంగిలి కూడా చీలి, ముక్కులోకి దారి కనిపించేది. గ్రహణమొర్రి అన్నారు. గ్రహణం నాడు నా కోడలు మార్తమ్మ కత్తిపీట ముట్టుకుందని వీధిలో మాట పుట్టించారు. ఆ నెలలన్నీ కత్తిపీట ముందు కూర్చున్నది నేను. చెప్పినా ఎవరూ వినలేదు.

పెదవిని చంటిబిడ్డగా ఉన్నప్పుడే కర్నూలులో ఒక ఆసుపత్రిలో కుట్టారు. అంగిలి తర్వాత కుడతామన్నారు. ఆ తర్వాత ఒకసారి జలుబు, ఒకసారి దగ్గు, ఒకసారి బరువు చాలలేదు. వాయిదాల మీద వాయిదాలు పడి పిల్లకు మూడేళ్లు దాటాయి.

అంగిలి చీలి ఉంటే గాలి నోట్లో నిలవదు, ముక్కులోకి పోతుంది. 'ప' అనబోతే 'మ' వస్తుంది. మా దీవెనకు పప్పు అంటే మమ్ము. మా వైపు తండ్రిని అప్పా అని పిలుస్తాం. పిల్ల వాళ్ల నాయన్ని ఎంత గట్టిగా పిలిచినా "అమ్మా" అనే వచ్చేది.

నా కొడుకు ఏసేబు దాన్ని నవ్వులాటగా తీసుకునేవాడు. "సూడండప్పా, మీసాలుండే అమ్మ ఈ ఊర్లో నేనొక్కన్నే" అనేవాడు అందరితో. నవ్వాక మాత్రం పిల్ల పెదవి మీది కుట్టును వేలితో తడిమేవాడు.

వాడికి ఆపరేషనంటే భయం. మత్తిచ్చిన పిల్ల మళ్లీ లేస్తుందో లేదోనని. "నేను ల్యాకుండా పాపను లోపలికి పంపొద్దమ్మా" అని చెప్పి సుగ్గికి పోయాడు. వానలు లేనప్పుడు మా వాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు, దాన్నే సుగ్గి అంటాం. వాడు పోయిన కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మొన్న తూచినప్పుడు పిల్ల బరువు సరిపోయింది, ఇప్పుడే తీసుకురమ్మన్నారు. ఆగితే మళ్లీ ఏ దగ్గో పట్టుకుంటుంది. వాడికి చెబితే వద్దంటాడు. అయ్యాక చెబుదామని నేనూ మార్తమ్మా పిల్లను తీసుకుపోయాం.

పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద మా పక్కన ఆత్మకూరు నుంచి వచ్చిన మాబున్నీ అనే ఆమె కూర్చుంది. వాళ్ల అబ్బాయి మోటార్ సైకిల్ మీద నుంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడట. పైపళ్లకూ కిందిపళ్లకూ తీగ వేసి కట్టారట.

"మావాడు నోరు తెరవల్యాడు, మీ పాపకేమో గాలి నిలవదు. ఇద్దర్నీ కలిపితే ఒక మంచి నోరవుతాది గదక్కా" అంది ఆమె. మార్తమ్మకు కూడా నవ్వు వచ్చింది.

అప్పుడు ఏసేబు నుంచి ఫోను వచ్చింది. నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను.

"అమ్మా, పాప యాడుండాది?"

"ఉండాదిలేరా. ఏం, పనికి పోలేదా?"

"చేన్లోనే ఉండా. ఇప్పుడే పాప నా యెనకాల నిలబడి పిలిచింది. అప్పా అనింది."

"అమ్మా అనుంటాదిలే."

"కాదమ్మా. అప్పా అనింది. తిరిగి సూస్తే ఎవరూ ల్యారు. సాళ్లలో పిల్లోల్లే ల్యారు. నా బిడ్డ గొంతు నాకు తెలీదా?" గొంతు తగ్గించి అడిగాడు. "పాప బతికుండాదా?"

వాడు అలా ఎందుకడిగాడో నాకు అర్థమైంది. పరలోకంలో కుంటితనం, గుడ్డితనం ఉండవని, అందరికీ నిండైన దేహాలు ఉంటాయని మా చర్చిలో అయ్యగారు చెబుతారు. ఆ మాట వాడి మనసులో నాటుకుంది. "నా బిడ్డకు కూడా ఆ లోకంలో నోరు సరిగ్గా ఉంటాది" అనేవాడు. ఇప్పుడు ఆ సరైన నోటితోనే పిలుపు విన్నాడు.

ఇక దాచలేకపోయాను. "లోపల ఆపరేషన్ జరుగుతాండాదిరా" అన్నాను.

వాడు తిట్టలేదు. "పోయి సూడు" అన్నాడు, అంతే. ఫోను పెట్టెయ్యలేదు. వాడి ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది.

తలుపు దగ్గరికి పోతే నర్సమ్మ లోపలికి రానియ్యలేదు. మార్తమ్మకు నేనేమీ చెప్పలేదు. మాబున్నీ వచ్చి నా చెయ్యి పట్టుకుని తన దేవుణ్ణి తలుచుకుంది, నేను నా దేవుణ్ణి తలుచుకున్నాను.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. డాక్టరు మూతికున్న గుడ్డ కిందికి లాగి, "బాగా కుట్టామమ్మా, పిల్ల బాగుంది" అన్నాడు. వెనకాల నుంచి ఏడుపు వినిపించింది. ఫోను ఆ ఏడుపు వైపు పట్టాను. అవతల ఏసేబు కూడా ఏడుస్తున్నాడు.

మరుసటి రోజు డాక్టరును అడిగాను, లోపల పిల్లకు మధ్యలో ఏమైనా అయిందా అని. మొదటి నుంచి చివరి దాకా ఏ ఇబ్బందీ రాలేదన్నాడు. అప్పుడు ఏసేబు విన్న సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ సమయంలో గొంతులో గొట్టం ఉంటుందని, ఏ శబ్దమూ రాదని చెప్పాడు. అంగిలి కుట్టినా 'ప' దానంతటది రాదని, నేర్పించాలని కూడా చెప్పాడు.

నిజంగానే నెలల తరబడి నేర్పించాల్సి వచ్చింది. కాగితం ముక్కలు ఊదించాం. ముక్కు కింద అద్దం పెట్టి, ఆవిరి పట్టకుండా "పా, పా" అనిపించాం. విసుగొచ్చి అద్దం విసిరేసిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకనాడు ఏసేబు వాకిట్లో కూర్చుని మంచానికి నవారు బిగిస్తున్నాడు. దీవెన వెనక నుంచి పోయి "అప్పా" అంది. 'ప' గట్టిగా, నిండుగా పలికింది. బియ్యం ఏరుతున్న మార్తమ్మ చేట కింద పెట్టేసి లేచింది. ఏసేబు మాత్రం తల తిప్పలేదు. నవారు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"ఏంరా, బిడ్డ పిలుస్తాంటే పలకవా?" అన్నాను.

"ఇదేనమ్మా" అన్నాడు. "ఆ పొద్దు చేన్లో ఇన్నది ఈ గొంతే."

ఎంతమందిని అడిగానో. అయ్యగారు దేవుని కార్యం అన్నారు, సరే అన్నాను. ఎండకు అట్లా అనిపించి ఉంటుందని కొందరన్నారు, దానికీ సరే అన్నాను. కానీ వాడు విన్న రోజుకు ఆ గొంతు ఇంకా తయారే కాలేదు. డాక్టరు ఇంకా కుట్టలేదు, మేమింకా నేర్పించలేదు. అది ముందే మిరపచేనికి ఎట్లా పోయిందో, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.