అవాలి రోడ్డు పక్కన నా బంగారు గని

పోయిన శుక్రవారం చర్చిలో ప్రార్థనకి ఎందుకు రాలేదని ఒక్కొక్కరూ అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒక్కసారే చెప్పేస్తాను, టీ తాగుతూ వినండి. బహ్రెయిన్‌లో నేను బంగారం కనిపెట్టాను. నవ్వకండి! నిజంగా బంగారమే. పోలీసాయన కూడా చూశాడు. చూశాడు అనేకంటే పట్టుకున్నాడు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

దీనికంతటికీ మూలం లింగయ్య. మీకు తెలీదేమో, జగిత్యాల వైపు మనిషి, రోడ్ల కంపెనీలో లేబర్ పని. ఆమధ్య చెయ్యి విరిగి సల్మానియా ఆసుపత్రిలో మా ఆవిడ సుగుణ నర్సుగా ఉన్న వార్డులోనే పడుకున్నాడు. అప్పట్నుంచీ ఆవిడ వాడికి అక్క, నేను సారు. ల్యాబ్‌లో పనిచేస్తాను కదా, నాకు తెలియనిది ఉండదని వాడి నమ్మకం. ఆ నమ్మకం పోగొట్టడం నాకూ ఇష్టం ఉండదు.

ఓరోజు వచ్చి, "సారూ, మేం కాలువ తవ్వుతున్న కాడ ఇసుక మస్తు మెరుస్తున్నది. దుబాయి వచ్చి ఇన్నేండ్లాయె, గిట్ల మెరుసుడు ఎన్నడు సూడలే" అన్నాడు. వాళ్ళవైపు గల్ఫ్ అంతా దుబాయే లెండి.

"బంగారం అయివుండొచ్చు" అన్నాను.

అంతే. అందులో 'అయివుండొచ్చు' ఎక్కడ జారిపోయిందో గానీ, వాడు టీ తాగి లేచేసరికి ఇద్దరికీ అది బంగారమే అయిపోయింది.

మా క్వార్టర్స్‌లో పాత ఇంగ్లీషు పత్రికలు పడి ఉంటాయి. ఒకదానిలో, సెలవురోజున సరదాగా ఏటి ఒడ్డుకి వెళ్ళి బంగారం కడుక్కునే వాళ్ళ గురించి రాశారు. పద్ధతి తేలిక. ఏరు వంపు తిరిగే చోట లోపలివైపు తవ్వాలి, అక్కడ నీటి వేగం తగ్గి బరువైనవన్నీ కిందికి దిగిపోతాయి. ఆ మట్టిని వెడల్పాటి పళ్ళెంలో పోసి, నీళ్ళు పోసి, గుండ్రంగా ఆడిస్తూ పైనున్న తేలిక ఇసుకని కొంచెం కొంచెంగా వదిలెయ్యాలి. చివరికి అడుగున నల్లటి ఇసుక మిగులుతుంది. అదృష్టం ఉంటే అందులో పచ్చటి నలకలుంటాయి. మరీ సన్నటి నలకలు నీటి మీద తేలి పోకుండా ఒకటి రెండు సబ్బు చుక్కలు వెయ్యాలి. ఇదంతా శ్రద్ధగా చదివాను. ఆఖరి పేజీలో ఎవరి నేలలో తవ్వొచ్చు, ఏ పనిముట్లు వాడొచ్చు, దొరికింది ఎవరికి చెందుతుంది అని ఏదో ఉంది. రూల్సు కదా అని వదిలేశాను.

శుక్రవారం సుగుణ డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ పిండి కలుపుకునే బేసిన్, అంట్లు తోమే లిక్విడ్, నీళ్ళ క్యాన్లు, ఓ బకెట్ కార్లో వేసుకున్నాను. లింగయ్య క్యాంపు నుంచి పార తెచ్చాడు. అవాలి వెళ్ళే రోడ్డులో పాతకాలపు సమాధుల దిబ్బలు ఉంటాయే, అవి దాటీ దాటకుండా, లింగయ్య వాళ్ళు కాలువ తవ్వే చోట ఆపాం. అక్కడ వంపు ఉంది. ఏరు లేదు. వంపు మాత్రం పత్రికలో చెప్పినట్టే ఉంది.

లింగయ్య తవ్వాడు, నేను బేసిన్ పట్టాను. ఒకటి రెండు చుక్కలనేది బంగారం సరిగా దొరకని దేశాలకేమో అనుకుని లిక్విడ్ సగం సీసా వంచాను. నురగ మోచేతుల దాకా వచ్చింది.

"సారూ, బంగారం తీస్తున్నమా, బట్టలు ఉతుకుతున్నమా?" అన్నాడు.

"ఇది సైన్సు, లింగయ్యా."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. సుగుణకి డ్యూటీ ఉన్న రోజుల్లో మా ఇంట్లో బియ్యం గాలించేది నేనే. గిన్నె ఊపుతూ పైకి తేలిన బియ్యాన్ని పక్క గిన్నెలోకి వంచుకుంటాం, అడుగున మిగిలిన రాళ్ళు పారేస్తాం. ఆ అలవాటున్న చేతులివి. పొద్దున్నుంచీ నేను పైనున్న పనికిరాని ఇసుకనంతా జాగ్రత్తగా బకెట్లో దాస్తున్నాను, అడుగున దిగిన బరువంతా తీసి గుంటలో పారేస్తున్నాను! బకెట్ నిండాక గానీ నా బుర్రకి తట్టలేదు. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది.

"గుంటలోది మళ్ళీ తియ్యి" అన్నాను, ఇదీ పద్ధతిలో భాగమే అన్నట్టు.

లింగయ్య పాపం చేతులు పెట్టి కెలికాడు. కెలికి కెలికి ఒక్కసారిగా కేకేశాడు. "సారూ! దొరికింది!"

అరచేతిలో గుండ్రంగా ఏదో ఉంది. చుట్టూ తెల్లటి బంకమట్టి, ఒక పక్క పచ్చటి మెరుపు. ఉంగరం! ఆ సమాధి దిబ్బలు చూపించి, "లింగయ్యా, ఇది వేల ఏళ్ళనాటిది. ఏ రాజుదో, రాణిదో. ఆ వంపు చూడు, ఆ నునుపు చూడు. ఈ కాలం కంసాలులకి ఇలాంటి పని చేతనవుతుందా?" అన్నాను.

"యాడయితది సారూ!" అన్నాడు వాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే వెనక జీపు ఆగింది. దిగిన పోలీసాయనకి ఉర్దూ బాగా వచ్చు. గుంటలు చూశాడు, నురగ చూశాడు, ఏం చేస్తున్నారని అడిగాడు. నోరు మూసుకోవాలా వద్దా? నేను ఉంగరం చూపించి, ఇది ఎంత పాతదో, ఎంత లోతులో దొరికిందో అంతా వర్ణించి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన సావకాశంగా విన్నాడు. "అనుమతి లేకుండా ఇక్కడ తవ్వకూడదు. దిబ్బల దగ్గర పార దించడమే తప్పు. నేలలో దొరికిన పాత వస్తువు హుకూమత్‌ది, సర్కారుది. ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు. తీసుకుని క్యాన్‌లో మిగిలిన నీళ్ళతో కడిగి, ఎండకి పట్టి చూశాడు. "లోపల ఏదో రాసుంది. ఇది ఏ కాలం రాత?"

వంగి చూశాను. 'సుగుణ' అని తెలుగులో ఉంది.

నా వేలు చూసుకున్నాను. బోసిగా ఉంది. సబ్బు నురగలో జారి, నా చేత్తోనే గుంటలోకి పోయిందన్నమాట. నా పెళ్ళి ఉంగరం! తెనాలిలో చేయించింది. సుగుణ మొదటి జీతంతో చేయించి, చర్చిలో తనే తొడిగింది.

"ఇది నాది" అన్నాను.

"ఇప్పుడేగా వేల ఏళ్ళనాటిదన్నావు?"

"పొరపాటు పడ్డాను."

"ఇక్కడ దొరికిందన్నావు."

"దొరికింది. కానీ నాదే."

"సారు అబద్ధం చెప్పడు!" అన్నాడు లింగయ్య. "రాజుదే అన్నడు, నేను గూడ విన్న."

నిజం చెప్తున్నాను, భయమేసింది. స్టేషన్ అంటే నా వీసాకి పూచీ ఉన్న కఫీల్ దాకా పోతుంది, ఉద్యోగం దాకా పోతుంది, అవన్నీ ఆ తర్వాత గుర్తొచ్చాయి. ముందు మాత్రం ఆ ఉంగరం మ్యూజియంలో అద్దం వెనక కూర్చుంటే, నేను టిక్కెట్టు కొని చూసుకోవాల్సి వస్తుందని ఏడుపొచ్చింది. ఇంకేం చెప్పాలో తెలియక బురద చెయ్యి తుడుచుకుని ముందుకి చాపాను. ఉంగరం ఉన్న చోట చర్మం పాలిపోయి గాడి పడి ఉంది.

ఆయన ఆ గాడిని చూశాడు, నా మొహం చూశాడు. నా చెయ్యి పట్టుకుని ఉంగరం వేలికి నెమ్మదిగా ఎక్కించాడు. సరిగ్గా కూర్చుంది.

"ఇక తియ్యవు కదా?" అన్నాడు.

"తియ్యను" అన్నాను.

లింగయ్య చప్పట్లు కొట్టాడు.

ఇంటికెళ్ళాక ఏమీ దాచకుండా సుగుణకి చెప్పేశాను, బేసిన్‌కి సొట్ట పడింది కాబట్టి దాచినా దాగదు. ఆవిడ అంతా విని, నా వేలు తిప్పి చూసి, "పోన్లెండి, పెళ్ళి బాగానే జరిగిందన్నమాట. భోజనాలు పెట్టారా?" అంది.

లేదమ్మా, గుంటలు పూడ్పించి పంపారు అన్నాను.