నా మాట నేను పూర్తి చేసేదాకా

మా కిట్టుగాడు ఊపిరి ఆడక నల్లబడిన రోజునే నా జబ్బు ఎంత పెద్దదో నాకు తెలిసింది. అప్పటికి వాడికి ఏడాది నిండి కొద్ది నెలలు. వాడి గండం గడిచింది. నా జబ్బు మాత్రం నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ ఉంది, ఇప్పుడూ ఉంది. దాని పేరు నత్తి. ఈ సంగతులన్నీ నోటితో చెప్పాలంటే నాకు ఒక పూట పడుతుంది, వినేవాళ్లకు అంత ఓపిక ఉండదు. అందుకే పిల్లాడు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది అది. మాచర్లలో మా ఇంటి వరండాలో నేనూ మా అత్తయ్యా విత్తనాలకని శనక్కాయలు వలుస్తున్నాం. పాలు పొంగుతున్నాయని అత్తయ్య లోపలికి వెళ్లింది. కిట్టు చాటలో నుంచి ఒక గింజ తీసి నోట్లో పెట్టుకున్నాడు. నేను చెయ్యి చాచేలోపే పొరబోయింది. ముఖం నల్లబడింది. బోర్లా తిప్పి వీపు మీద చరిచాను. కాసేపటికి ఏడ్చాడు, ఊపిరి తీసుకున్నాడు. గింజ మాత్రం బయటికి రాలేదు. ఊపిరి తీసినప్పుడల్లా ఈల లాగా సన్నని చప్పుడు.

అత్తయ్య పరుగున వచ్చింది. "అత్తయ్యా, శ..." అన్నాను. నోరు తెరుచుకునే ఉంది, గొంతు మూసుకుపోయింది.

"జలుబేలేవే, నువ్వు బెదిరి బిడ్డను బెదరగొట్టమాక. డాట్టరు కాడికి పోదాం పద" అంది. అంతకు ముందు రోజు నుంచి వాడికి జలుబు ఉన్న మాట నిజమే.

శనక్కాయ అనే మాట నాకు ఎప్పుడూ సరిగా రాదు. అందుకని దారి పొడుగునా వేరే మాట వెతుక్కుంటూ వెళ్లాను. నత్తి ఉన్నవాళ్లందరికీ ఈ విద్య తెలుసు. ఒక మాట రాకపోతే దాని చుట్టూ తిరిగి ఇంకో మాట పట్టుకుంటాం. డాక్టరు గారు "చెప్పమ్మా, ఏమైంది?" అన్నాడు. "గొంతులో..." అన్నాను. అంతవరకు వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. కళ్లు మూసుకుపోయాయి, తల వెనక్కి విరుచుకుపోయింది.

"గొంతులో గరగరంటందయ్యా" అని అత్తయ్య పూర్తి చేసింది. "నిన్నటి నుంచీ జలుబు."

ఆయన తల ఊపి రాయడం మొదలుపెట్టాడు. నేను కాదని చెయ్యి ఊపాను. రాసి చూపిస్తానని ఆయన పెన్ను కోసం చెయ్యి చాచాను. "కంగారు పడకమ్మా, సిరప్ రాశాను. నెక్స్ట్!" అన్నాడు.

నా వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేశారు. తప్పుగా పూర్తి చేశారు. ఆ తప్పుడు వాక్యానికి మందు రాశారు. ఇంటికొచ్చి రాసి చూపిద్దామంటే అత్తయ్యకు చదువు రాదు. ఆ రాత్రంతా నా కొడుకు ఊపిరితిత్తిలో ఆ గింజ ఉబ్బుతూ ఉంది.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. తెల్లవారి నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. ఆయన చెప్పులు కూడా విడవకుండా నా ఎదురుగా నిలబడ్డాడు. నేను ఆ మాట చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు. చెప్పాను. డాక్టరు దగ్గరికి మళ్లీ పరుగెత్తాం. "అరెరే, ఇది నిన్న చెప్పాల్సిన మాట కదమ్మా!" అన్నాడు ఆ డాక్టరు. వెంటనే గుంటూరు తీసుకుపొమ్మన్నాడు.

గుంటూరులో ఎక్స్‌రే తీశారు. కుడివైపు ఊపిరితిత్తి కింది భాగానికి గాలి వెళ్లడం లేదన్నారు. బ్రాంకోస్కోపీ చేయాలి, మత్తిచ్చి గొట్టం దించి తీస్తాం, సంతకం పెట్టండి అన్నారు. పిల్లాణ్ని లోపలికి తీసుకెళ్లినంతసేపూ నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తీశాక ఈఎన్‌టీ డాక్టరు చిన్న స్టీలు గిన్నెలో చూపించాడు. ఉబ్బిన సగం శనక్కాయ గింజ. "ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేది. చూసిందెవరు?" అని అడిగాడు. మా ఆయన నన్ను చూపించాడు. "చదువుకున్నదానిలా ఉన్నావే? చూసి కూడా ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టరు నాతో.

న్యుమోనియా తగ్గేదాకా వార్డులో ఉన్నాం. ఒక రోజు రౌండ్స్‌కు వచ్చినప్పుడు ధైర్యం చేసి ఆ డాక్టరునే అడిగాను, నా నత్తికి మందుందా అని. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నాకు పట్టిన సమయంలో ఆయన వెనకున్న స్టూడెంట్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన నవ్వాడు. "ఇది చిన్నప్పుడు చూపించుకోవాల్సిందమ్మా. ఇప్పుడు పెళ్లయింది, మగపిల్లాడు పుట్టాడు. ఇంక నీకు మాటలతో పనేముంది?"

ఎందుకు చెప్పలేదని నన్ను నిలదీసిందీ ఆ నోరే. మాటలతో పనేముందన్నదీ ఆ నోరే. ఆ రోజు నాకు పుట్టిన కోపం ఇంతవరకు చల్లారలేదు. చల్లారకూడదని కూడా అనుకుంటున్నాను.

చిన్నప్పుడు చూపించలేదా అంటే చూపించారు. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాకించింది. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని చదవమని మా మేష్టారు చదివించాడు. నరసరావుపేటలో బీఏ చదివేటప్పుడు హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనే మాట వచ్చేలోపు తర్వాతి పేరు పిలిచేవారు. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని నేను ఆబ్సెంటు. పెళ్లిచూపుల్లో నా పేరు అడిగితే మా అమ్మే చెప్పింది. నేను తల దించుకున్నాను. "సిగ్గరి పిల్ల, మా ఇంటికి ఇట్టాంటి పిల్లే కావాల" అని మురిసిపోయింది ఇదే అత్తయ్య. మగపిల్లాడికి నత్తి ఉంటే ఊరంతా వైద్యులే. ఆడపిల్లకుంటే అణకువ.

గుంటూరు నుంచి ఇంటికొచ్చాక అత్తయ్య కొత్త కట్టడి పెట్టింది. "పిల్లోడికి మాటలొచ్చే ఈడు. నువ్వు వాడితో ఎక్కువ మాట్టాడమాక. వాడికీ అంటుకుద్ది." కథలు ఆమె చెప్పేది. పక్కలో ఆమె పడుకోబెట్టుకునేది. నేను అన్నం కలిపి నోరు మూసుకుని తినిపించేదాన్ని. ఆమె మాట నిజమేమో అన్న భయంతో ఎదురు చెప్పలేదు. వాడు మొదటిసారి "అమ్మా" అన్నప్పుడు నేను పలకలేదు. చేతులు చాచాను.

వాడితో మాట్లాడాలి. వాడికి ఏమైనా అయితే నేనే చెప్పగలగాలి. నాకు కావలసింది ఇంతే. దానికోసం ఏది చెబితే అది చేశాను. నరసరావుపేటలో ఒక డాక్టరు నోరు తెరిపించి చూసి, నాలుక కింద నరం అడ్డంగా ఉంది, కోస్తే సరి అన్నాడు. కోశాడు. చాన్నాళ్లు గంజి తాగి బతికాను. పుండు మానింది, నత్తి మానలేదు. మళ్లీ వెళ్తే "అది మనసులో ఉందమ్మా, ధైర్యం తెచ్చుకో" అన్నాడు. మరి నాలుక ఎందుకు కోసినట్టు?

తర్వాత పేపర్లో ప్రకటన చూసి విజయవాడ లాడ్జిలో దిగిన ఒకాయన దగ్గరికి వెళ్లాం. నత్తిని మాయం చేస్తాడట. తొడ మీద వేలితో తాళం వేస్తూ, ఒక్కో అక్షరం సాగదీస్తూ మాట్లాడమన్నాడు. ఆ గదిలో నత్తి లేకుండా హరికథ చెప్పినట్టు మాట్లాడాను. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మాచర్ల బస్సెక్కాక కండక్టరు "యాడికమ్మా?" అన్నాడు. వేలు తాళం వేస్తూనే ఉంది, మాట రాలేదు. మళ్లీ వెళ్లేసరికి ఆ మనిషి లాడ్జి ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

మా ఆయనతో పనిచేసే ఒకతని కూతురికి చెవుడు. ఆ పిల్లకు వినికిడి మిషను కోసం హైదరాబాదు ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడ బోర్డు మీద చెవి, మాట అని రెండూ రాసి ఉన్నాయట. సాగర్ మీదుగా బస్సులో వెళ్లాం. చీటీ రాసే అతను నా చంకలో పిల్లాణ్ని చూసి "బాబు పేరు?" అన్నాడు. నాకని వేలు పెట్టి చూపించుకున్నాను. "మీకా? ఇక్కడికి పిల్లల్నే తీసుకొస్తారమ్మా" అన్నాడు. పెద్దవాళ్లకు నత్తి ఉండదనుకుంటారో, ఉన్నా పడి ఉండాలనుకుంటారో నాకు తెలియదు.

స్పీచ్ థెరపిస్టు దాదాపు నా ఈడు అమ్మాయి. ఏం జరిగిందో చెప్పమంది. శనక్కాయ దగ్గర మాట బిగుసుకుపోయింది, దాన్ని వాళ్లు బ్లాక్ అంటారు. ఆమె నా మాట అందుకోలేదు. గడియారం చూడలేదు. జాలిగా తల ఊపలేదు. ఊరికే ఆగింది. నేను మొత్తం చెప్పాను, గింజ, డాక్టరు, అత్తయ్య, అన్నీ. నా జీవితంలో అంత పొడుగు మాట పరాయివాళ్ల ముందు పూర్తి చేయడం అదే మొదలు.

"నత్తి పూర్తిగా పోతుందని నేను చెప్పను" అంది ఆమె. "అలా చెప్పేవాళ్లను నమ్మకండి. బ్లాక్ వచ్చినప్పుడు మీరు గొంతు బిగించి తోస్తున్నారు. ఆ బిగింపు తగ్గించుకోవచ్చు. ఇంకోటి, మాటలు మార్చడం మానేయాలి. నత్తి కంటే మిమ్మల్ని ఎక్కువ కట్టిపడేసింది అదే."

నేను నా అసలు ప్రశ్న అడిగాను. నా కొడుక్కి అంటుకుంటుందా?

"నత్తి కొన్ని కుటుంబాల్లో ఉంటుంది, నిజమే. కానీ మాట్లాడితే అంటుకునేది కాదు. వాడితో మాట్లాడండి. ఎంత వీలైతే అంత మాట్లాడండి."

ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని వాడితో మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. అన్నాళ్లు మాట్లాడనివ్వనందుకు నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియక అందరి మీదా వచ్చింది.

థెరపిస్టు మొదటి అభ్యాసం చెప్పింది. బస్టాండు దగ్గర బండి మీద శనక్కాయలు కొనాలి. మాట మార్చకూడదు, నత్తి దాచకూడదు. వెళ్లాను.

"ఏం గావాలె అక్కా?"

"శ... శ..."

"పల్లీలా?"

"కా... కాదు. శ... శనక్కాయలు."

"గవే గదక్కా పల్లీలంటే!" అని అతను నెత్తి కొట్టుకుని పొట్లం కట్టాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. కానీ ఆ పొట్లం కిట్టుకు అందకుండా సంచి అడుగున దాచాను.

కొన్నాళ్లు వెళ్లి వచ్చాం. బిగింపు తగ్గింది, తల విరుచుకుపోవడం ఆగింది. తర్వాత నాకు టైఫాయిడ్ వచ్చి ప్రయాణాలు ఆగిపోయాయి. మళ్లీ మాటలు మార్చడం మొదలైంది. థెరపిస్టుకు ఉత్తరం రాస్తే, మీ దగ్గర్లోనే రెంటచింతల నుంచి ఒక మాస్టారు నా దగ్గరికి వచ్చేవారు, కలిసి అభ్యాసం చేయండి అని జవాబిచ్చింది. జోజయ్య మాస్టారు ఆయన. పాఠం చెప్పేటప్పుడు రాని నత్తి ఆయనకు ఇన్‌స్పెక్టరు ముందు వస్తుంది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బడి వరండాలో కూర్చునేవాళ్లం. లారీ గుమాస్తా ఒకాయన, టైలరు ఒకాయన కూడా చేరారు. ఒకటే నియమం. ఎవరి మాటా ఇంకొకరు అందించకూడదు. అందించినవాళ్లు అందరికీ బోరింగు నుంచి నీళ్లు కొట్టి తేవాలి.

మగవాళ్ల మధ్య కోడలు ఒక్కతే కూర్చుంటుందా అని అత్తయ్య నా వెంట వచ్చేది. రెంటచింతల ఎండలో ఆమె కూర్చోవడమే ఒక తపస్సు. టైలరు "జా... జా..." అంటుంటే ఆమెకు ప్రాణం ఆగేది కాదు. "జాకెట్టురా నాయనా, జాకెట్టు!"

"కా... కాదు పెద్దమ్మా. జా... జాతర."

"నీళ్లు తేవాల పెద్దమ్మా" అనేవాడు గుమాస్తా, అదొక్కటి మాత్రం నత్తి లేకుండా. ఆమె బిందె ఎత్తుకుని "ఇదేం కర్మరా, మీరు నత్తికొట్టడం, నేను నీళ్లు కొట్టడం" అని గొణుక్కుంటూ వెళ్లేది. చానా ఆదివారాలు ఆమే నీళ్లు తెచ్చింది. పోను పోను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవడం నేర్చుకుంది.

మొన్న వానాకాలంలో కిట్టుకు వాంతులు పట్టుకున్నాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మళ్లీ ఆనాడు సిరప్ రాసిన ఆ మాచర్ల డాక్టరు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. ఆయన నన్ను గుర్తుపట్టాడు. పట్టి, నా వైపు చూడకుండా అత్తయ్య వైపు తిరిగి "ఏమ్మా, ఏమైంది పిల్లాడికి?" అన్నాడు.

అత్తయ్య నోరు తెరిచింది. మూసింది. "నన్నడుగుతావేందయ్యా? వాళ్లమ్మ ఉందిగా. ఆమె చెబుద్ది, ఆగు" అంది.

నేను చెప్పాను. మూడు చోట్ల ఆగాను. ఎన్నిసార్లు అయ్యాయి, ఏం తిన్నాడు, మూత్రం ఎప్పుడు పోశాడు, అన్నీ నా నోటితోనే చెప్పాను. డాక్టరు పెన్ను పట్టుకుని ఆగాడు. ఆగక తప్పలేదు, ఎదురుగా అత్తయ్య నిలబడి ఉంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది. సంతోషమే. కానీ నా కొడుకు నా గొంతు వినకుండా గడిపిన ఆ నెలలు ఎవరూ తెచ్చివ్వలేరు.

ఇప్పుడు వాడికి రోజూ కథ నేనే చెబుతాను. వాడి మాటల్లో నత్తి లేదు. రేపు వచ్చినా వాడి నాలుక జోలికి ఎవరినీ రానివ్వను.

నాలాంటివాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. ఆస్పత్రికి వెళ్లినప్పుడు జబ్బు సంగతికన్నా ముందు ఇది చెప్పండి: "నాకు నత్తి ఉంది. చెప్పడానికి టైం పడుతుంది. నేను పూర్తి చేసేదాకా ఆగండి." వెంట వచ్చినవాళ్లకు ఇంటి దగ్గరే చెప్పండి, మధ్యలో అందుకోవద్దని. ఆ మొదటి వాక్యంలోనే నత్తి వస్తుంది. రానివ్వండి. వాళ్లు తలుపు వైపు చూసి తర్వాతివాళ్లను పిలిచినా మీరు మాత్రం కుర్చీలోంచి లేవకండి.