ప్లేఆఫ్‌లో చేతులు కలిపిన ఇద్దరు

ఆట ముగియడానికి ఒక్క ప్లే, అంటే బంతితో ముందుకొచ్చే ఒక్క అవకాశం, మిగిలింది. మేం ఒక్క పాయింటు ముందున్నాం. బంతి అవతలి జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే కుర్రాడి చేతిలో పడింది. వాడు గీత దాటితే వాళ్లు ఫైనల్‌కి, మేం ఇంటికి. మా వాళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ కుడి మూలకి వచ్చేశాడు. అక్కడ మిగిలింది ఇద్దరే: ఆపరేషన్లకి మత్తు ఇచ్చే, యాభై దాటిన డాక్టరుగారు, ఆయన్ని జట్టులోంచి తప్పించాలని సీజనంతా చూసిన మా కెప్టెన్. డాక్టరుగారు కెప్టెన్ వైపు చెయ్యి చాచారు. కెప్టెన్ అందుకున్నాడు. ఇద్దరూ ఆ కుర్రాడి చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరిగారు. వాడు వెనక్కి మళ్లేలోపే డాక్టరుగారు ఖాళీగా ఉన్న చేత్తో వాడి నడుముకున్న ఎర్ర పట్టీ లాగేసి, జెండాలా పైకెత్తారు.

మడత కుర్చీల్లోంచి మా వాళ్లంతా ఒక్కసారిగా లేచారు. రిఫరీ మాత్రం విజిల్ నోట్లోనే ఉంచుకుని నడిచి వచ్చాడు. పెద్దాయన, ఏదో స్కూల్లో పీటీ మాస్టారు. “మీ ఇద్దరూ చేతులెందుకు పట్టుకున్నారు?” అని ఇంగ్లీషులో అడిగాడు.

“ఫ్రెండ్స్ అండీ,” అన్నారు డాక్టరుగారు రొప్పుతూ.

టచ్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో ఆదివారం పొద్దున పార్కులో ఆఫీసుల వాళ్లు, అపార్ట్‌మెంట్ల వాళ్లు జట్లు కట్టి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. టీవీలో చూసే అమెరికన్ ఫుట్‌బాలే ఇది, కాకపోతే మీదపడి కూల్చడం ఉండదు. అందరి నడుముకీ రెండు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతితో పరిగెత్తేవాడి పట్టీ ఒకటి లాగేస్తే వాడు అక్కడికి ఆగిపోయినట్టే.

మాది అచ్చంగా తెలుగు జట్టు. దాంతో ఒక చిక్కు వచ్చింది. పదిమందీ బంతి విసిరేవాళ్లే, లేదంటే పట్టేవాళ్లే. డిఫెన్స్ అనగానే షూ లేసు ఊడిందని ఒకడు, నీళ్లు తాగొస్తానని ఒకడు వెళ్లిపోయేవాడు. నేను గీత పక్కన కూర్చుని స్కోరు చూసేవాణ్ణి. నాకు కొత్తగా అనిపించలేదు. పత్రికలో ఆటల పేజీ చూసినన్నాళ్లూ మేమూ గోల్ కొట్టినవాడి ఫొటోనే వేశాం. ఆపినవాడి సంగతి ఆఖరి పేరాలో ఉండేది. ప్రకటన వచ్చి స్థలం చాలకపోతే ముందు ఎగిరిపోయేది ఆ పేరానే.

డిఫెన్స్ ఇష్టపడి అడిగినవారు డాక్టరుగారు ఒక్కరే. గుంటూరులో చదువుకునే రోజుల్లో ఆయన కాలేజీ తరఫున చెడుగుడు ఆడారు. “నా ఉద్యోగమే డిఫెన్సయ్యా,” అనేవారు. “ఆపరేషన్ చేసినాయనకి దండం పెడతారు. నేను సరిగ్గా చేస్తే అసలేమీ జరగనట్టుంటుంది.”

కరీంనగర్ నుంచి వచ్చిన మా కెప్టెన్‌కి ఈ కబుర్లు ఎక్కేవి కావు. “అంకుల్, మనం పాయింట్లు కొడుతనే ఉంటే వాళ్లు ఎన్ని కొడితే ఏంది? స్పీడ్ గేమ్ ఇది. మీరు జర కుర్చీల కూసోండ్రి.”

“లీగ్‌లో అయితే నువ్వన్నట్టే నడుస్తుంది. ఇవాళ ఓడినా వచ్చే ఆదివారం ఉంటుంది. ప్లేఆఫ్‌లో ఆ వచ్చే ఆదివారం ఉండదు బాబూ.”

డాక్టరుగారి భార్య ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, “ఆయనకి మోకాలి నొప్పి ఇండియన్ స్టోర్‌కి వెళ్దామన్నప్పుడే వస్తుంది. ఇక్కడ రాదు,” అనేది.

చివరికి కెప్టెన్ తేల్చేశాడు. ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో ఓడితే వచ్చే సీజన్‌కి ఆయన స్థానంలో కొత్తగా వచ్చిన ఎంఎస్ కుర్రాణ్ణి తీసుకుంటారు. డాక్టరుగారు నవ్వి సరేనన్నారు. కానీ ఆ వారమంతా సాయంత్రాలు వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, షాపింగ్ కార్ట్ చుట్టూ అడ్డంగా అడుగులు వేస్తూ ఆయన ప్రాక్టీస్ చేశారని ఆవిడే మా ఇంట్లో చెప్పింది.

ఆ మ్యాచ్‌లో నేను చూసింది ఇది. లీగ్‌లో కళ్లు మూసుకుని విసిరినా అందిన బంతులు, ఆ రోజు వేళ్ల మధ్య నుంచి జారిపోయాయి. మావీ, వాళ్లవీ. ఓడితే ఇంటికే అన్న ఆలోచన ముందు చేతుల్లోకి దిగుతుంది. విసిరేవాడూ పట్టేవాడూ ఇద్దరూ ఒకే క్షణంలో కుదిరితే గానీ పాయింటు రాదు. ఆపడానికి ఒక్కడు భయపడకుండా నిలబడితే చాలు. డాక్టరుగారు నిలబడ్డారు. వాళ్లు లీగ్‌లో మ్యాచ్‌కి కొట్టే పాయింట్లలో సగం కూడా మా మీద కొట్టలేకపోయారు. ఆఖరి ప్లేకి మనుషులు చాలక కెప్టెన్ తిట్టుకుంటూ డిఫెన్స్‌కి వచ్చాడు. స్కూల్లో తనూ కబడ్డీ ఆడాడని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పక్కన చెయ్యి కనిపించగానే పట్టుకోవడం ఆ ఆట నేర్పిన అలవాటు.

రిఫరీ జేబులోంచి రూల్సు పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. “అవతలి జట్టువాణ్ణి పట్టుకోకూడదని ఉంది. సొంత జట్టువాణ్ణి పట్టుకోకూడదని ఎక్కడా లేదు,” అన్నాడు. పట్టీ లాగినట్టే లెక్క, మేం గెలిచినట్టే లెక్క. ఇకముందు అలా పట్టుకోవచ్చా అన్నది మాత్రం లీగ్ కమిటీని అడగాలన్నాడు.

కెప్టెన్ డాక్టరుగారిని నడుం పట్టి ఎత్తేశాడు. “దించరా, మోకాలు!” అని ఆయన అరిచారు. “ఇప్పుడొచ్చిందండీ నొప్పి,” అంది ఆవిడ, అందరికీ వినపడేలా. కార్ డిక్కీలోంచి బిర్యానీ ట్రేలు దిగాయి. ఓడిన జట్టువాళ్లని కూడా పిలిచాం. ఆ వేగం కుర్రాడు రెండో ప్లేటు తింటూ, చేతులు ఎలా కలపాలో డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నాడు.

ఫైనల్‌లో ఓడిపోయాం. మా డిఫెన్స్ వాళ్లని గీత దాటనిచ్చింది ఒక్కసారే, ఒక్క టచ్‌డౌన్. మా విసిరేవాళ్లు అది కూడా కొట్టలేకపోయారు. కాబట్టి డిఫెన్స్ ఒక్కటే గెలిపిస్తుందని నేను రాయను. ఇంటికి పోకుండా ఒక వారం ఆపుతుందని మాత్రం రాయగలను. “అంకుల్, మీరు మంచిగనే ఆపిండ్రు, మాకే చేతగాలె,” అన్నాడు కెప్టెన్. వెంటనే, “కమిటీ వద్దంటే తప్ప మీ ప్లేస్ మీదే,” అని కూడా అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సీజన్ మొదటి ఆదివారం డాక్టరుగారు షూ లేసులు కట్టుకోకుండానే రిఫరీ దగ్గరికి వెళ్లి కమిటీ ఏమందని అడిగేవారు. చూస్తున్నారు, ఇంకా తేల్చలేదని రిఫరీ చెప్పేవాడు. డాక్టరుగారు మనసు తేలికపడి వచ్చి లేసులు కట్టుకునేవారు. నేను ఆ ఊరు వదిలేనాటికి కూడా, ఒకే జట్టులో ఇద్దరు చేతులు పట్టుకోవచ్చా లేదా అన్నది ఆ పుస్తకంలో ఎవరూ రాయలేదు.