ప్రొబేషన్ పాఠంలో సీతాకోకచిలుక

1947 జూన్‌లో సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ బాలికల పాఠశాలలో ప్రకృతిశాస్త్రం టీచరుగా చేరాను. మాది గుంటూరు వైపు. మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ గడువు తీరాక ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం వింటారు. అది కుదిరితేనే ఉద్యోగం ఖాయం. కుదరకపోతే ఉద్యోగంతో పాటు హాస్టల్లో నా గది కూడా పోతుంది. పాఠానికి ఐదు మెట్ల ప్రణాళిక ముందే రాసివ్వాలి. ఉపోద్ఘాతం నుంచి అన్వయం దాకా ఏ మెట్టు తప్పినా మార్కులు కోసేస్తారు. నేను ఎంచుకున్నది సీతాకోకచిలుక జీవచక్రం.

మరుసటి ఏడాది సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చిపడింది. బడి మూశారు, పాఠం వాయిదా పడింది. మోండా మార్కెట్ కూడా బందయింది. నేను మాత్రం హాస్టల్ దొడ్లోని కరివేపాకు మొక్క మీద దొరికిన సీతాకోకచిలుక పురుగులను పాఠం కోసం జాలీపెట్టెలో ఉంచి మేపుతూ కూర్చున్నాను. వంటమనిషి రాజమ్మకు ఒళ్లు మండింది.

“పప్పుల ఏద్దామంటే కల్యామాకు లేదు, మీరు పురుగులకు మేపుతున్రు. ఏందీ టీచరమ్మా గిది?” అంది.

గుడ్డులోంచి వచ్చిన పురుగు ముందుగా తన గుడ్డు పెంకునే తింటుంది. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది కనుక పిట్టలు దాని జోలికి రావు. కుబుసం విడుస్తూ పెరిగి ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ముల్లాంటిది పైకి లేస్తుంది, కంపు కొడుతుంది. చివరికి తిండి మానేసి, పట్టుపోగుతో తనను తాను పుల్లకు కట్టుకుని ప్యూపా అవుతుంది. లోపల పాత ఒళ్లు చాలావరకు కరిగి, కొత్త ఒళ్లు తయారవుతుంది. ఇదంతా నాకు పుస్తకం చదివి కంఠతా వచ్చు. ప్యూపాలోంచి చిలుక బయటపడటం మాత్రం కళ్లతో చూసింది లేదు. నేను పెంచినవాటిలో చాలావరకు, ఒంట్లో ముందే గుడ్లు పెట్టిన కందిరీగల పాలై, ఒక్క ప్యూపా మిగిలింది.

బడి తెరిచాక పాఠం రోజు రానే వచ్చింది. పొద్దున చూస్తే ప్యూపా నల్లబడి ఉంది. కుళ్లిపోయింది, పారేసి పటంతో కానివ్వమన్నారు హెడ్‌మిస్ట్రెస్. అయినా పారేయడానికి చేతులు రాక పెట్టెను బల్ల మీదే ఉంచాను.

ఉపోద్ఘాతంలో రెండో ప్రశ్న అడుగుతున్నాను. ముందు బెంచీలోని సరోజ లేచి, “టీచర్, అది కదులుతుంది!” అని కేకేసింది.

ప్యూపా పగిలింది. తడి ముద్దలాంటి ప్రాణి ఒకటి పాకి బయటికొచ్చి పుల్లకు వేలాడింది. పొద్దున మేం చూసిన నలుపు కుళ్లు కాదు, పలచబడిన పెంకులోంచి కనబడిన రెక్కల రంగు. ఆ రెక్కలు నలిగిన గుడ్డపేలికల్లా ఉన్నాయి. పొట్టలోని ద్రవాన్ని వాటి నరాల్లోకి తోస్తుంటే మెల్లమెల్లగా విచ్చుకున్నాయి, నలుపు మీద లేతపసుపు మచ్చలతో. నోటి గొట్టం రెండు పాయలుగా పుట్టింది. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి రెంటినీ ఒకటి చేసుకుంది. ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. పిల్లలు బెంచీలు వదిలి బల్ల చుట్టూ చేరారు. వాళ్ల వెనక ఇన్‌స్పెక్ట్రెస్ నిలబడి ఉన్నారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

రెక్కలు ఆరి అది కిటికీ దాటాక ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. “ఇన్నేండ్ల నౌకరీల నేను సుత చూడలే. కానీ పాఠమైతే కాలే టీచరమ్మా. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. గిట్లయితే ఎట్ల పాస్ చేస్తా? మల్ల వస్తా” అన్నారు.

మళ్లీ వచ్చారు. విత్తనం మొలకెత్తడం గురించి ఐదు మెట్లూ ఎక్కి దిగాను, ఉద్యోగం ఖాయమైంది. టీచరు ఎక్కడ నోరు మూసుకోవాలో నేను నేర్చుకున్నది మాత్రం తప్పిన పాఠంలోనే. దానికి మార్కులు ఆనాడూ లేవు, నేను రిటైరయ్యేనాటికీ లేవు.